ఆపరేటర్ రూముకి మెట్లు బయటినుంచే ఎందుకు? (హారిచ్‌లో 1911 నాటి సినిమా హాలు చూశాక వచ్చిన డౌటు)

ఉప్పుటేరు_గట్టు:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో, ఎసెక్స్ జిల్లా కొల్చెస్టర్‌లో ఉంటాను. పోయిన వారం పిల్లలకి సముద్రం చూపిద్దామని హారిచ్ వెళ్లాం. (రాయడం హార్విచ్ అనే రాస్తారు కానీ మధ్యలో ఆ 'వి' పలికామంటే మనం కొత్తవాళ్లమని ఇట్టే తెలిసిపోతుంది.) చిన్న రేవు ఊరు. ఇంగ్లండ్ నుంచి అమెరికాకి వలసవాళ్లని తీసుకెళ్లిన మేఫ్లవర్ ఓడ కెప్టెన్ క్రిస్టఫర్ జోన్స్ ఇల్లు ఇక్కడే ఉంది, దాని ముందు ఫోటో దిగడం అయిపోయాక ఇక చేసేదేం లేక సందుల్లో తిరుగుతుంటే కింగ్స్ కీ స్ట్రీట్ అనే ఇరుకు వీధిలో కనపడింది, ఎలక్ట్రిక్ ప్యాలెస్ అని. సినిమా హాలు. 1911 నవంబర్ 29న తెరిచారట, ఇప్పటికీ సినిమాలు వేస్తున్నారు.

నాకు పాత హాళ్లంటే పిచ్చి, మా ఆవిడకి అది తెలుసు కాబట్టి పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీముకి వెళ్లిపోయింది. హాలు నడిపేది చాలావరకు వాలంటీర్లే. అక్కడున్న ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చార్లెస్ థర్స్టన్ అని ఊరూరా తిరిగి జాతరల్లో ఆటలు ఆడించే ఆసామి కట్టించాడట. ఇప్స్విచ్‌కి చెందిన హెరాల్డ్ రిడ్లీ హూపర్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ ప్లాను గీశాడు. 18 వారాల్లో పూర్తి, ఖర్చు 1,500 పౌన్లు. అప్పట్లో పౌను మన 15 రూపాయలతో సమానం, అంటే 22,500 రూపాయలు. 18 వారాలు! మా ఇంటికి వంటగది మార్పించడానికి నాకు అంతకంటే ఎక్కువ పట్టింది.

ముందు గోడ చూస్తే నగిషీలతో పెళ్లిపందిరిలా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే వీధిలోకి తెరిచే ఉండే చిన్న వసారా, దాంట్లోనే టిక్కెట్ల గూడు. దాటి లోపలికి వెళ్తే ఇక ఏమీ లేదు, పొడుగాటి పెట్టె లాంటి గది, అంతే. మూకీల నాటి తెర, చిన్న స్టేజీ, వాడుకలో లేని మేకప్ గదులు, పాత గ్యాస్ ఇంజను, 7 హార్స్‌పవర్ డీసీ జనరేటరు, ఇవన్నీ ఇంకా మిగిలి ఉన్నాయి. ప్రొజెక్టర్ గది కూడా అసలుదే. "ఈ గదిని హాల్లోంచి పూర్తిగా విడదీసి కట్టారు, అదే దీని గొప్ప" అని ఆయన నొక్కి చెప్పాడు.

అది వినగానే మా ఊరి హాలు గుర్తొచ్చింది. కృష్ణా జిల్లాలో ఓ మోస్తరు ఊరు మాది, హాలు 1950ల్లో కట్టింది. దానికి ఆపరేటర్ రూముకి లోపలినుంచి దారే లేదు. హాలు వెనక గోడకి బయటివైపు ఒక ఇనుప మెట్లు ఉండేవి, గుండ్రంగా తిరుగుతూ. వర్షం పడుతున్నప్పుడు ఆపరేటరు రీలు పెట్టెల్ని గోనెసంచి కప్పి పైకి మోసుకెళ్లడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. లోపల బాల్కనీకి మంచి మెట్లుండగా ఈ మనిషికి వానలో ఈ శిక్ష దేనికి అనుకునేవాణ్ణి, ఓనరు పిసినారితనం అనుకున్నాను. హారిచ్‌లో అలా, మా ఊళ్లో ఇలా... 40 ఏళ్ల తేడాతో, ఇన్ని వేల మైళ్ల దూరంలో రెండూ ఒకేలా ఎలా వచ్చాయి? ఇంకోటి, ముందు అంత ఆర్భాటం, వెనక అంత బోడి, ఇది కూడా రెండింట్లో ఒకటే. తెలిసినవాళ్లు చెప్పండి.

పిడుగురాళ్ల_బుల్లెట్:

మా ఊళ్లో బయటి మెట్లు ఎందుకంటే సినిమా తెగిపోయినప్పుడు జనం తన్నడానికి వస్తే ఆపరేటరు దిగి పారిపోవడానికి. ఇంతకు మించి ఆర్కిటెక్చర్ నాకు తెలీదు.

నాలుగు_గీతలు:

బుల్లెట్ గారి జవాబు సగం కరెక్టే, పారిపోవడానికే. కాకపోతే జనం నుంచి కాదు, మంట నుంచి.

నేను వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్‌ని. మా కాలేజీలో గుళ్లు చెప్పారు, కోటలు చెప్పారు గానీ సినిమా హాలు గురించి ఒక్క క్లాసు లేదు, నేను తర్వాత సొంతంగా చదువుకున్నదే ఇది.

అప్పటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. అదీ తుపాకుల్లో వాడే గన్‌కాటనూ దాదాపు అన్నదమ్ములు. అంటుకుంటే దానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరదు. దాన్ని వేలకొద్దీ అడుగులు చుట్టి, నిప్పులు కక్కే దీపం ముందునుంచి లాగడమే సినిమా అంటే. మొదట్లో ప్రొజెక్టరుని జనం మధ్యలోనే బల్ల మీద పెట్టి ఆడించేవాళ్లు. పారిస్‌లో 1897లో ఒక ధర్మకార్యం బజారులో సినిమా వేస్తుంటే ఫిల్ము అంటుకుని 126 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు. అలాంటివి చూశాక బ్రిటన్‌లో 1909లో సినిమటోగ్రాఫ్ చట్టం తెచ్చారు, 1910 జనవరి 1 నుంచి అమలు. లైసెన్సు కావాలంటే ప్రొజెక్టరు మంట తట్టుకునే గదిలో ఉండాలి, దాని తలుపు తనంతట తానే మూసుకోవాలి, హాలువైపు గోడకి ఒక్కో మెషీనుకి రెండు కంతలకి మించి ఉండకూడదు (ఒకటి బొమ్మ పడటానికి, ఒకటి ఆపరేటరు తొంగిచూడటానికి), ఆ కంతలకి ఇనుప మూతలు.

ఇక్కడ ఆలోచించండి. అప్పటిదాకా సినిమాని పాత నాటక శాలలో, గోడౌన్లో, ఖాళీ కొట్లలో ఎక్కడ పడితే అక్కడ వేసేవాళ్లు. ఈ చట్టం వచ్చాక వాటిని మార్చుకోవడం కంటే కొత్తగా సినిమా కోసమే కట్టుకోవడం తేలికైంది. 1910 తర్వాత బ్రిటన్‌లో చిన్న చిన్న ఊళ్లలో కూడా హాళ్లు పుట్టగొడుగుల్లా లేచింది అందుకే. మీరు చూసిన 1911 హాలు సరిగ్గా ఆ వరసలోది. మనకి 1918లో ఇండియన్ సినిమటోగ్రాఫ్ చట్టం వచ్చింది, ఆ బ్రిటిష్ చట్టం దారిలోనే. స్వతంత్రం వచ్చాక ఆంధ్రప్రదేశ్ సినిమాల క్రమబద్ధీకరణ చట్టం 1955, దాని కింద 1970 రూల్సు. పేర్లు మారాయి, నిప్పు గదిని జనానికి దూరంగా పెట్టాలన్న లెక్క మారలేదు. మీ ఊరి ఓనరుగారు పిసినారి అయ్యుండొచ్చు, కానీ ఆ మెట్లు మాత్రం ఆయన సొంత తెలివి కాదు. లోపలినుంచి దారి పెడితే ఆ దారిలో నిప్పుని ఆపే తలుపులు, గోడలు మళ్లీ కట్టుకోవాలి, బయట నాలుగు ఇనుప రేకులు వంచి మెట్లు వేయిస్తే సరిపోయె.

చిన్న పిడకల వేట: ఆ 1909 చట్టం పెట్టింది కేవలం మంటల భయంతో. కానీ లైసెన్సు ఇచ్చే అధికారం చేతికి రాగానే లండన్ కౌంటీ కౌన్సిల్ వాళ్లు ఆదివారం ఆడకూడదని షరతు పెట్టారు, కోర్టు 1911లో అది చెల్లుతుంది అంది. అలా షరతులు ఆట వేళల్నుంచి బొమ్మలో ఏముండాలి అనేదాకా పాకాయి. మన 1918 చట్టంలో అయితే హాలు భద్రత, ఫిల్ము సర్టిఫికెట్టు రెండూ ఒకే మూటలో వచ్చాయి. సెన్సారు కత్తెరకి తాత ఎవరంటే ఓ ఇసుక బకెట్టు.

మైలురాయి_77:

నాలుగు గీతలు గారూ, మిగతాదంతా బాగుంది గానీ పారిస్ సంగతి సరిచేసుకోండి. అక్కడ అంటుకుంది ఫిల్ము కాదు. ప్రొజెక్టరు దీపానికి ఈథర్ వాడేవాళ్లు, అది అయిపోతే మళ్లీ నింపుతూ చీకట్లో కనపడటం లేదని అగ్గిపుల్ల గీశారు. 126 మంది అనేది నిజమే. ఫిల్ముదే తప్పు అని చాలాచోట్ల రాసేస్తుంటారు, అందుకే చెప్తున్నా.

అలాగే ఆపరేటర్ గది విడిగా కట్టేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. స్కాట్లండ్‌లో పెయిస్లీ అనే ఊళ్లో 1929 డిసెంబర్ 31న పిల్లల ఆట వేశారు. పెట్టెలో ఉన్న ఒక రీలు రాజుకుని పొగ వచ్చింది. పొగే, హాలు తగలబడలేదు. పిల్లలు భయపడి ఒక దారివైపు పరిగెత్తారు, అక్కడ ఇనుప గేటు మూసి ఉంది. 71 మంది పిల్లలు ఒకరిమీద ఒకరు పడి చనిపోయారు. హాలుకి ఎన్ని తలుపులు, అవి ఎటు తెరుచుకోవాలి, ఆట జరుగుతుండగా గొళ్లెం పెట్టకూడదు, ఈ రూల్సుకి అంత గట్టి పట్టు వచ్చింది అలాంటివాటి తర్వాతే. మన ఢిల్లీలో ఉపహార్ సినిమా హాలు, 1997 జూన్ 13, 59 మంది. అక్కడ కారణం ట్రాన్స్‌ఫార్మరు, నైట్రేట్ ఫిల్మ్ కాలం ఎప్పుడో పోయింది, కానీ చంపింది మళ్లీ పొగ, దారికి అడ్డంగా వేసిన అదనపు సీట్లు. మన ఊళ్లలో పెద్ద హీరో సినిమా మొదటివారం నడవా నిండా మడత కుర్చీలు వేసేవాళ్లు, గుర్తుందా? మనమే అడిగి మరీ వేయించుకునేవాళ్లం.

నాలుగు_గీతలు:

ఈథర్ మాట నిజమే, నేను తప్పు రాశాను. మార్చకుండా అలాగే ఉంచుతున్నా, లేకపోతే మీ జవాబు అర్థం కాదు.

పాత_కార్బన్:

బాబూ, నేను ఆపరేటర్ని. 1979లో గోదావరి జిల్లాలో ఒక తాలూకా ఊళ్లో రీళ్లు చుట్టే కుర్రాడిగా చేరి, తర్వాత లైసెన్సు తీసుకుని, డిజిటల్ వచ్చి మా మెషీన్లు తూకానికి అమ్మేసేదాకా చేశాను. ఇది మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను, తప్పులుంటే వాడివి.

ఆ ఇనుప మెట్లు నేనూ ఎక్కాను. వానాకాలం సంగతి ఆ అబ్బాయి చెప్పింది నిజమే. 16 రీళ్ల సినిమా అంటే పెట్టెలన్నీ కలిపి ఇద్దరు మోసే బరువు. నేను వచ్చేసరికి నైట్రేట్ ఫిల్ము లేదు, సేఫ్టీ ఫిల్మే. అది కూడా మెషీను గేటులో (దీపం ముందు ఫిల్ము నిలిచే చోటు) ఇరుక్కుంటే కరుగుతుంది, మంటగా లేవదు. తెరమీద హీరోయిన్ మొహం మధ్యలో గోధుమరంగు బుడగ లేచి, పెద్దదై, తెల్లగా అయిపోవడం మీరంతా చూసే ఉంటారు. కింద ఈలలు, కుర్చీలు కొట్టడం, పైన మేము డౌజర్ (దీపానికి అడ్డంపడే మూత) మూసి, కాలిన ముక్క కత్తిరించి, సిమెంటుతో అతికించి మళ్లీ ఎక్కించడం. చేయి తిరిగినవాడికి రెండు నిమిషాలు.

మీరు గది గోడ గురించి, కంతల గురించి చెప్పారు, గది పైన ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. మీ ఊరి పాత హాలు ఇంకా ఉంటే ఆపరేటర్ రూము కప్పు మీద చూడండి, రెండు రేకు గొట్టాలు పైకి లేచి, వాటికి చైనా టోపీల్లాంటి మూతలు ఉంటాయి. ఒక్కో మెషీనుకి ఒకటి. కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా పెట్టి కరెంటు పంపితే మధ్యలో వెలిగే ఆర్కే మన దీపం, దాని పొగ అలా పోవాలి. పోకపోతే రెండో ఆట అయ్యేసరికి ముక్కులోంచి నల్లగా వచ్చేది. కప్పు మీద ఎన్ని గొట్టాలున్నాయో చూస్తే ఆ హాలుకి ఎన్ని మెషీన్లో కిందనుంచే చెప్పేయొచ్చు. ఒక్క గొట్టమే ఉంటే ఒకటే మెషీను, అంటే ప్రతి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేస్తారు, ఆ హాలుకి వెళ్లకండి అని మా కుర్రతనంలో చెప్పుకునేవాళ్లం.

ఇక ఆ ఇంగ్లీషు హాల్లో 7 హార్స్‌పవర్ డీసీ జనరేటరు అన్నారు చూడండి, నాకు అది చాలా నచ్చింది. ఏసీ కరెంటు మీద ఆర్కు వెలిగిస్తే ఝుమ్మని శబ్దం, వెలుగు నిలకడగా ఉండదు. డీసీ అయితే పాజిటివ్ కడ్డీ కొసన చిన్న గుంట పడి అక్కడినుంచి తెల్లటి స్థిరమైన వెలుగు వస్తుంది. మా కాలానికి కరెంటు లైన్లో ఏసీనే, అందుకని పక్కన రెక్టిఫయరు పెట్టి డీసీ చేసుకునేవాళ్లం. ఆ రోజుల్లో వాళ్లకి ఊళ్లో కరెంటు మీద ఆధారపడే పని లేకుండా గ్యాసు ఇంజనుతో సొంతంగా డీసీయే పుట్టించుకున్నారన్నమాట. 'ఎలక్ట్రిక్' ప్యాలెస్ అని పేరు పెట్టుకున్నారంటే పెట్టుకోరూ మరి! సినిమాకి రానివాడు కూడా కరెంటు దీపం చూడ్డానికైనా వస్తాడు. మన పక్కన కూడా పాత హాళ్లకి వెనక ఇంజను గది ఉండేది, ఆయిల్ ఇంజను. ఆట మొదలవబోతోందని ఊరికి తెలిసేది ఆ టకటక చప్పుడుతోనే.

మూకీల తెర ఇంకా ఉంది అన్నారు. దానికీ కారణం ఉంది. మూకీకి తెర అంటే తెల్లటి గోడ చాలు. మాటలు వచ్చాక తెర వెనక స్పీకరు పెట్టాలి, శబ్దం ముందుకి రావాలంటే తెరకి సన్నసన్నటి చిల్లులుండాలి. అందుకని ఎక్కడైనా మాటల సినిమా వచ్చాక కొత్త తెర కట్టారు, పాతదాన్ని పీకేశారు. పీకకుండా మిగిలిందంటే అదృష్టమే. మన హాళ్లకి మరో దెబ్బ 1974లో పడింది, అల్లూరి సీతారామరాజు సినిమాస్కోపులో వచ్చింది కదా. తెర ఎత్తుకి రెండింతలు దాటి వెడల్పు కావాలి. స్టేజీకి అటూ ఇటూ పాతకాలం స్తంభాలు, వాటిమీద సిమెంటు నెమళ్లు, వీణలు ఉండేవి, అవి అడ్డం. నేను చేరేసరికే మా హాల్లో ఆ నెమళ్లు కొట్టేసి ఉన్నాయి. ఒక నెమలి తల మాత్రం చాలా ఏళ్లు సైకిల్ స్టాండులో మెట్టు రాయిగా పడి ఉంది.

ఉప్పుటేరు_గట్టు:

కార్బన్ గారూ, రెండు గొట్టాల సంగతి చదివి మా తమ్ముడికి ఫోన్ చేసి పొద్దున్నే హాలు దగ్గరికి పంపించాను. ఫోటో పంపాడు. రెండున్నాయి! ఒకదానికి టోపీ ఊడిపోయింది, లోపల కాకిగూడు. ఏళ్ల తరబడి ఆ హాలు ముందునుంచే బడికి వెళ్లాను, ఒక్కసారి కూడా తలెత్తి అటు చూడలేదు, చూసిందంతా కటౌట్లే.

అయితే నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. వెనక అంతా రూల్సు కట్టించాయి, సరే. ముందు నగిషీ ఎవరు కట్టించారు? అది చట్టంలో లేదు కదా. మా ఊరి హాలు ముందు మధ్యలో నిలువుగా ఓ పలక ఓడ స్తంభంలా పైకి లేస్తుంది, దానిమీద సిమెంటు అక్షరాలతో పేరు, మూలలు గుండ్రం. హారిచ్‌ది కూడా ఇలాంటి ఆర్ట్ డెకో శైలిలో కట్టిందేనా?

నాలుగు_గీతలు:

కాదు. పాత హాలు కనపడితే చాలు ఆర్ట్ డెకో అనేయడం అలవాటైపోయింది. ఆ పేరుకి మూలం 1925లో పారిస్‌లో జరిగిన ప్రదర్శన. 1911 హాలు దానికి 14 ఏళ్ల ముందుది. మీ ఊరిది మాత్రం ఆ జాతే. బొంబాయిలో రీగల్ 1933, ఈరోస్, మెట్రో 1938. అవి చూసొచ్చిన ఓనర్లు, క్యాలెండర్లో బొమ్మలు చూసిన మేస్త్రీలు, ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్ల తర్వాత మన ఊళ్లలో సిమెంటులో కట్టిన పాట అది. గుండ్రటి మూలలు, మూడు గీతల సన్‌షేడ్లు, నిలువు పలక. ప్లాను గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. నన్నడిగితే అసలుకంటే ఈ నకళ్లే ముద్దుగా ఉంటాయి, ఎందుకంటే మేస్త్రీకి అర్థంకాని చోట తామరపువ్వు పెట్టేశాడు.

హారిచ్ ముందు గోడ వేరే దారిలో వచ్చింది. కట్టించినవాడు ఎవరో మీరే చెప్పారు, జాతరల ఆసామి అని. ఆ రోజుల్లో ఇంగ్లండ్ జాతరల్లో బయోస్కోప్ ప్రదర్శనలుండేవి. లోపల మామూలు గుడారం, బల్లలు. కానీ ముందు మాత్రం బంగారు రేకుల చెక్క నగిషీలు, పెద్ద ఆర్గాన్ వాద్యం, దీపాలు, మెట్ల మీద డాన్సు చేసే అమ్మాయిలు. బొమ్మ లోపలుంది, బయటనుంచి కనపడదు, కాబట్టి అమ్మాల్సిందంతా ముఖంలోనే. ఆ మనిషి గుడారం వదిలి ఇటుకలకి మారినప్పుడు ఆ అలవాటునే ఇటుకల్లోకి తెచ్చాడు. ముందు జాతర, వెనక గుడారం బదులు పెట్టె. వసారా వీధిలోకి తెరిచి ఉంచడం కూడా అదే ఎత్తుగడ, వీధిలో పోయేవాడు తలుపు తోయకుండానే సగం లోపలికి వచ్చేస్తాడు.

మన కథ కూడా ఇదే వరుస. రఘుపతి వెంకయ్య గారు మొదట క్రోనోమెగాఫోన్ (బొమ్మతో పాటు శబ్దం వినిపించే యంత్రం) కొని మద్రాసులో గుడారం వేసి ఆడించారు, బర్మా, సిలోన్ తిరిగొచ్చారు, ఆ తర్వాతే మద్రాసు మౌంట్ రోడ్డులో గెయిటీ కట్టారు, 1914 ప్రాంతంలో. అది ఇప్పుడు లేదు. బెజవాడలో మారుతి 1921. ఊళ్లలో అయితే టూరింగ్ టాకీసు ఓనరే డబ్బు కూడాక అదే స్థలంలో పర్మనెంటు హాలు కట్టేవాడు, నేల టిక్కెట్టు వాళ్లకి ఇసుక అలాగే ఉంచేసి.

గుడివాడ_సెంటర్:

మా పెద్దనాన్నవాళ్లకి హాలు ఉండేది, ఊరి పేరు వద్దులెండి, ఇప్పుడు అది కల్యాణ మండపం. వాలు నేలని మట్టిపోసి చదును చేశారు. స్టేజీ ఉన్నచోటే పెళ్లిపీటలు. ఆపరేటర్ రూములో జనరేటరుకి డీజిల్ డబ్బాలు పెడుతున్నారు, నిప్పుకోసం కట్టిన గదిలో డీజిల్, ఇది చదివాక భయమేసి ఇందాకే ఫోన్ చేసి తీయించమన్నాను.

పెళ్లిళ్లలో మైకు పెడితే మాట అర్థం కాదు, ఒకటే గుంయ్‌మని ప్రతిధ్వని. సినిమా ఆడినన్నాళ్లూ ఆ గొడవ లేదు. గోడలకి గరుకుగా చిమ్మిన సిమెంటు, దానిమీద కొబ్బరిపీచు పలకలు ఉండేవి, వెనక గోడకి మందపాటి ఎర్ర గుడ్డ. పెళ్లి హాలుకి అందంగా లేవని అవన్నీ పీకి నున్నగా పుట్టీ పెట్టి టైల్స్ వేయించారు. చేసినాయన్ని ఏమనడానికీ లేదు, మా నాన్నే.

నా ప్రశ్న ఉప్పుటేరు గారికి. ఆ హారిచ్ హాలు ఎలా బతికింది? సెంటర్లో స్థలం అయ్యుండాలి, ఎవరూ కాంప్లెక్సు కట్టలేదా?

ఉప్పుటేరు_గట్టు:

ఆ పెద్దాయన్ని నేనూ అదే అడిగాను. బతికించింది ఎవరో కాదు, ఊరి బీదరికమే అన్నాడు నవ్వుతూ. 1953 జనవరి ఆఖరి రాత్రి తూర్పు తీరమంతా సముద్రం పొంగింది, హారిచ్ మునిగింది. దానికి తోడు వినోదపు పన్ను, టీవీలు. 1956లో మూసేశారు. తాళం వేసి వెళ్లిపోయారు, అంతే. కూల్చడానికి కూడా డబ్బు పెట్టేవాడు లేడు, ఆ స్థలం కోసం కొట్టుకునేవాడూ లేడు. 16 ఏళ్లు అలా పడి ఉంది. 1972లో పాత కట్టడాల సర్వే అంటూ కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒక మాస్టారు తలుపు తీయించి చూస్తే లోపల తెర, ప్రొజెక్టర్ గది, ఇంజను ఎక్కడివక్కడే. వెంటనే రక్షిత కట్టడాల జాబితాలో పెట్టారు, ట్రస్టు పెట్టారు, 1981లో మళ్లీ ఆట వేశారు. ఇప్పుడు గ్రేడ్ టూ స్టార్, అంటే ఓనరైనా సరే అనుమతి లేకుండా ఇటుక కదపకూడదు. పైకప్పు ప్లాస్టరు పాడైతే కొన్నేళ్లు మూసి బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు.

మన హాళ్లకి ఆ 16 ఏళ్లు దొరకవు. బస్టాండుకి ఎదురుగా అర ఎకరం, మూసిన నెలకే బేరం మొదలు. మా ఊరిది కూడా అడుగుతున్నారట, తమ్ముడు చెప్పాడు. నేను కొనేంత స్తోమత లేదు, ఆ ఊహే లేదు. కనీసం కొలతలు తీసి పెట్టుకోవాలనుంది. నాలుగు గీతలు గారూ, టేపు పట్టుకుని తమ్ముడు ఏం కొలవాలో చెప్తారా?

నాలుగు_గీతలు:

తప్పకుండా. ముందు గోడ ఫోటోలు ఎవరైనా తీస్తారు, దాని జోలికి తర్వాత వెళ్లమనండి. మొదట హాలు పొడవు, వెడల్పు, ఇనుప ట్రస్సుల (పైకప్పుని మోసే చట్రాలు) మధ్య దూరం, నేల వాలు (వెనక గోడ దగ్గరా స్టేజీ దగ్గరా నీళ్ల గొట్టంతో మట్టం చూసి తేడా రాసుకోవాలి). ప్రొజెక్టర్ కంతల సైజు, అవి నేలనుంచి ఎంత ఎత్తు, తెర మధ్యకి ఎంత దూరం. ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుందో. టిక్కెట్ల క్యూలో ఇనుప కంచె మలుపులు. ఆడవాళ్ల కౌంటరు విడిగా ఉంటే అది. చాక్‌తోనో బొగ్గుతోనో గోడల మీద ఏమైనా రాసి ఉంటే ఫోటో, ముఖ్యంగా ఆపరేటర్ రూములో.

పాత_కార్బన్:

ఆపరేటర్ రూము గోడమీద తప్పకుండా ఉంటుంది. ఏ సినిమా, ఎన్ని రోజులు, ఏ రీల్లో అతుకులున్నాయి, మేము గోడమీదే రాసుకునేవాళ్లం. సున్నం వేయకపోతే ఇంకా ఉండాలి. ఆ మెట్లు ఎక్కేటప్పుడు మీ తమ్ముణ్ణి జాగ్రత్త అనండి, పైనుంచి మూడో మెట్టు ఎప్పుడూ ముందు తుప్పు పడుతుంది, గొట్టంలోంచి వాననీళ్లు కారేది అక్కడే.

ఇంకో మాట. మళ్లీ ఆ హారిచ్ వెళ్తే గ్యాస్ ఇంజనుకి ఒక ఇత్తడి రేకు కొట్టి ఉంటుంది, కంపెనీ పేరుతో. అది ఫోటో తీసి ఇక్కడ పెట్టు నాయనా. మా మొదటి హాలు ఇంజను రేకు అచ్చులు అరిగిపోయి నేను ఏ రోజూ చదవలేకపోయాను.

ఉప్పుటేరు_గట్టు:

వచ్చే శనివారం వెళ్తున్నా మాస్టారూ. పిల్లలకి ఐస్‌క్రీము ఆశ పెట్టాను, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.